ఆ పెట్టెలు తెరిచే ముందు

చిట్టీ,

వచ్చే నెల ఫ్రేమింగ్‌హామ్ వెళ్లి, అమెరికాలో మొదటి ప్రభుత్వ నార్మల్ స్కూల్ (అంటే టీచర్లని తయారుచేసే బడి) అమ్మాయిలు ఎలా చదివారో, ఎలా బతికారో అక్కడ దాచిన పాత కాగితాల్లో చూస్తానని రాశావు. చాలా సంతోషం. ఇలాంటి పాత కాగితాల పెట్టెల ముందు నేను కూడా ఏళ్ల తరబడి కూర్చున్నదాన్నే కాబట్టి నాలుగు ముక్కలు చెబుతా, విసుక్కోకుండా చదువు.

ముందు పేర్ల గొడవ. ఆ స్కూలు 1839 జులై 3న లెక్సింగ్టన్‌లో ముగ్గురంటే ముగ్గురు అమ్మాయిలతో మొదలైంది. 1844లో వెస్ట్ న్యూటన్‌కి, 1853లో ఫ్రేమింగ్‌హామ్‌కి మారింది. టీచర్స్ కాలేజీ అన్న పేరు వచ్చింది 1932లో. 1960లో స్టేట్ కాలేజీ అయింది, 2010లో యూనివర్సిటీ. నువ్వు కేటలాగులో ‘టీచర్స్ కాలేజీ’ అని కొట్టి కూర్చుంటే మొదటి తొంభై మూడేళ్లూ నీ కంటపడకుండా పోవచ్చు. మూడు ఊళ్ల పేర్లూ పెట్టి వెతుకు. అమ్మాయిల పేర్లతో ఇంకో తలనొప్పి. రిజిస్టరులో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, తర్వాతి ఉత్తరాలేమో అత్తింటి పేరు మీద ఉంటాయి. తొలి విద్యార్థినుల్లో మేరీ స్విఫ్ట్ అనే ఆమె పెళ్లయ్యాక లామ్సన్ అయింది. రెండు పేర్లూ ఒకే మనిషివని తెలియక ఇద్దరుగా రాసేసేవాళ్లను చూశాను.

ఆ మేరీ స్విఫ్ట్ డైరీ తప్పకుండా చదువు. కానీ చదివేటప్పుడు ఒకటి మర్చిపోకు. పిల్లల్ని డైరీలు రాయమన్నది ప్రిన్సిపాల్ సైరస్ పియర్స్, వాటిని చూసేదీ ఆయనే. మాస్టారు చూస్తారని తెలిసి రాసిన డైరీలో మనసులో మాట ఎంతుంటుందో నీకు చెప్పక్కర్లేదు. పాఠాలు, ఉపన్యాసాలు శ్రద్ధగా రాసి ఉంటాయి. ఒంటరితనం, అలక, మాస్టారి మీద కోపం ఉండకపోవచ్చు. అవి లేవని రాసేయకు. పియర్స్ కూడా తన డైరీ తను రాసుకున్నాడు. దాన్ని పక్కన పెట్టుకుని చదివితే అసలు రుచి తెలుస్తుంది. చాలామంది పాఠం చెప్పడం నేర్చుకోవడానికి కాక, మామూలు చదువు కోసమే వస్తున్నారని ఆయన బాధ. ఆ పిల్లల వైపు నుంచి చూస్తే, ఆడపిల్లకి పై చదువు అంత తేలిగ్గా దొరకని రోజులవి. నన్నడిగితే తప్పు వాళ్లది కాదు.

నియమాల పుస్తకాన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటూ చదవాలి. రాత్రి దీపాలు ఆర్పాలన్న నోటీసు ఒకే ఏడాది నాలుగుసార్లు కనబడితే, ఎవరూ ఆర్పడం లేదన్నమాట. ఖర్చుల పద్దులు, హాజరుపట్టీ, విద్యార్థి సంఘాల మినిట్స్ (సమావేశాల్లో ఏం జరిగిందో రాసిపెట్టే) పుస్తకాలు చూడ్డానికి బోరు కొడతాయి గానీ, వార్షిక సంచికలోని నవ్వు ముఖాల కంటే నేను వాటినే ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు నా తెలివితక్కువ పని ఒకటి. ఓ కాలేజీలో మెట్ల మీద కూర్చున్న ఆరుగురు అమ్మాయిల ఫోటో దొరికింది. ఎడమ నుంచి మూడో పిల్ల కదిలినట్టుంది, ముఖం అలుక్కుపోయింది. వెనక పెన్సిల్‌తో ఐదు పేర్లే ఉన్నాయి, ఆ పిల్ల పేరే లేదు. ఆ ఉత్సాహంలో పేర్లన్నీ రాసుకున్నా గానీ, పెట్టె నంబరు, ఫోల్డరు నంబరు రాసుకోలేదు. మళ్లీ ఆ ఫోటో దొరకడానికి రెండు రోజులు పట్టింది. అందుకే ఏది చేతికొచ్చినా ముందు నంబరు రాసుకో, తర్వాతే మురిసిపో. ఫోటోకి రెండు వైపులా ఫోటో తియ్యి.

పెన్సిలే తీసుకెళ్లు, పెన్ను లోపలికి రానివ్వరు. స్క్రాప్‌బుక్కుల్లో అంటుకుపోయిన కాగితాలుంటే గోటితో లేపకు, అక్కడి సిబ్బందిని పిలువు. ఇటీవలి దశాబ్దాల విద్యార్థుల మార్కులు, వ్యక్తిగత వివరాలు అడిగినా ఇవ్వకపోవచ్చు, విద్యార్థుల వివరాలు బయటపెట్టకుండా కాపాడే 1974 నాటి చట్టం ఒకటుంది. దాని మీద వాదన పెట్టుకోకు.

పాత దస్తూరి మొదటి రెండు రోజులు పురుగులు పాకినట్టే కనిపిస్తుంది. మూడో రోజుకి కన్ను అలవాటు పడుతుంది. అప్పటికీ ఏ పేజీ అయినా కొరుకుడు పడకపోతే, వాళ్లనడిగి ఫోటో తీసి నాకు పంపు. కళ్లజోడు మార్చుకున్నాలే, చూసి చెబుతా.

నీ పెద్దమ్మ