స్టాక్ మార్కెట్ క్రాష్ వస్తే నిఫ్టీ ఎంతవరకు పడొచ్చో ముందే లెక్కగట్టొచ్చా?

కచ్చితమైన అంకె రాదు. ఒక రేంజ్ మాత్రం కాగితం మీద వేసుకోవచ్చు.

నిఫ్టీ అంటే ఎన్‌ఎస్‌ఈలోని 50 పెద్ద కంపెనీల ఇండెక్స్. దాన్ని దాని పీఈతో (ధర లాభానికి ఎన్ని రెట్లుందో చెప్పే అంకె) భాగిస్తే ఈపీఎస్, అంటే ఇండెక్స్ వెనకున్న ఏడాది లాభం, వస్తుంది. ఉదాహరణకు నిఫ్టీ 24,000, పీఈ 22 అనుకుంటే ఈపీఎస్ దాదాపు 1,090. లాభాలు చెక్కుచెదరకుండా పీఈ ఒక్కటే 17కి దిగితే నిఫ్టీ 18,500 దగ్గరకు వస్తుంది, అంటే 23 శాతం పతనం. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. కానీ పెద్ద పతనాల్లో లాభాలూ పీఈ రెండూ పడతాయి. ఈపీఎస్ 10 శాతం తగ్గి, పీఈ 15కి వచ్చిందంటే నిఫ్టీ 14,700. పతనం 39 శాతం!

ఇది ఊహ కాదు, జరిగిందే. 2020 జనవరిలో 12,430 తాకిన నిఫ్టీ మార్చి 24న 7,511కి పడింది, 40 శాతం. 2008లో జనవరి 6,357 నుంచి అక్టోబర్ 2,252కి, 65 శాతం. 2020ది రెండు నెలల్లో ముగిసింది, 2008ది తొమ్మిది నెలలు నలిపింది. రెండోదే ఎక్కువ ప్రమాదం: 30 శాతం పడ్డాక 'ఇదే బాటమ్' అని మొత్తం డబ్బు పెట్టేసినవాళ్లు అక్కడినుంచి ఇంకో సగం పోగొట్టుకున్నారు.

పాత పీఈ చార్టులతో ఒక చిక్కుంది. 2021 మార్చి చివరి వరకు ఎన్‌ఎస్‌ఈ స్టాండలోన్ (కంపెనీ ఒక్కదాని) లాభాలతో లెక్కించేది, ఆ తర్వాత అనుబంధ కంపెనీల లాభాలూ కలిపే కన్సాలిడేటెడ్‌కి మారింది. కాబట్టి అప్పటి 28 పీఈని ఇప్పటి పీఈ పక్కన పెట్టి 'చవగ్గానే ఉంది' అనకండి.

మార్కెట్ ఎంత ఊగొచ్చో చెప్పే ఇండియా విక్స్‌ని నమ్ముకున్నా లాభం లేదు. విక్స్ ఏడాది అంచనా కాబట్టి, 16 ఉంటే నెల లెక్కకు దాన్ని 12 వర్గమూలంతో భాగించాలి; నెలకు అటో ఇటో 4.6 శాతం కదలికని ఆప్షన్ల (ముందే ఖాయం చేసిన ధరకు కొనే, అమ్మే హక్కుల) ధరలు అనుకుంటున్నాయని అర్థం, అంతే. 2020లో అది 80 దాటేసరికి పతనం దాదాపు అయిపోయింది.

స్మాల్‌క్యాప్‌లకు (చిన్న కంపెనీల షేర్లకు) ఈ రేంజ్ సరిపోదు, ఇండెక్స్ కన్నా లోతుగా పడతాయి, అమ్ముదామంటే కొనేవాడుండడు.

షేర్లు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పుంటే బాటమ్ లెక్కే అనవసరం. 10 లక్షల రూపాయల విలువైన షేర్లపై, విలువలో 50 శాతం వరకే అప్పు అన్న పరిమితితో 5 లక్షలు తీసుకుంటే, 20 శాతం పతనానికే విలువ 8 లక్షలై, అప్పిచ్చినవాళ్లు దాన్ని 4 లక్షలకు తగ్గించమంటారు. ఆ లక్ష కట్టలేకపోతే షేర్లు వాళ్లే అమ్మేస్తారు.