సందేహాలు – సమాధానాలు: ఒకరికి ‘అన్నారు’, ఇంకొకరికి ‘అన్నాడు’

సందేహం: అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి అప్పుడప్పుడు వ్యాసాలు రాస్తుంటాను. 2024 ప్రచారం మీద రాసిన ఒక వ్యాసంలో ‘హ్యారిస్ సూటిగా జవాబు చెప్పారు. ట్రంప్ మాత్రం పాత పాటే పాడాడు’ అని ఉంది. అది చదివి మా మిత్రుడు ‘ఒకరికి చెప్పారు, ఇంకొకరికి పాడాడు ఏమిటి? నువ్వు ఎవరి వైపో క్రియ దగ్గరే తెలిసిపోయింది’ అన్నాడు. నేను రాసేది అభిప్రాయం. నచ్చని అభ్యర్థికి ఏకవచనం వాడితే తప్పేమిటి? ఇంగ్లీషులో ఈ తేడాలే లేవు కాబట్టి ఇద్దరికీ ఏకవచనం వాడేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

సమాధానం: మీ మిత్రుడు సరిగ్గానే పట్టుకున్నారు. మీ రెండో ప్రశ్నలో ఉన్న ఉపాయం పైకి న్యాయంగా కనిపిస్తుంది గానీ, తెలుగులో అది న్యాయంగా పనిచేయదు. ఎందుకో చెప్తాను.

తెలుగులో ఒక మనిషి గురించి చిన్న వాక్యం రాయాలన్నా ఆ మనిషిని ఏ మెట్టు మీద నిలబెడుతున్నామో ముందే తేల్చుకోవాలి. వాడు, అతను, ఆయన, వారు. ఏదో ఒకటి ఎంచుకోవాలి, దానికి తగ్గట్టు క్రియ చివర ‘డు’ పెట్టాలో ‘రు’ పెట్టాలో నిర్ణయించుకోవాలి. ఇంగ్లీషులో రాసేవారు తమ మొగ్గు చూపించాలంటే ఒక విశేషణాన్నో విసురునో వెతుక్కోవాలి. మనకు ఆ పని ప్రత్యయమే చేసిపెడుతుంది, అదీ ప్రతి వాక్యంలోనూ. అందుకే రాసేవారికి తెలియకుండా పక్షపాతం జారిపడేది ఎక్కువగా అక్కడే.

అలాగని ‘అన్నాడు’ తిట్టేమీ కాదు. కథలో నాయకుడు అన్నాడు, వచ్చాడు అనే రాస్తాం. అశోకుడు శాసనాలు వేయించాడు, 1860 ఎన్నికల్లో లింకన్ గెలిచాడు అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కాలంలో దూరమైన మనిషికి ఏకవచనం మనకు సహజం. చనువున్న మనిషికీ సహజమే. మీ ఉత్తరంలో మీ మిత్రుడు ‘అన్నాడు’, నా జవాబులో ఆయనే ‘పట్టుకున్నారు’. మీకు ఆయనతో చనువుంది, నాకు లేదు. రెండూ సరైన ప్రయోగాలే. చిక్కల్లా ఒకే పదవికి పోటీపడుతున్న ఇద్దరికి, ఒకే వ్యాసంలో, ఒకే కలం రెండు మెట్లు కేటాయించినప్పుడు వస్తుంది. అప్పుడు ‘డు’ అర్థం దాని పక్కనున్న ‘రు’ను బట్టి మారిపోతుంది. ‘పాడాడు’ ఒంటరిగా ఉంటే మామూలు క్రియ. ‘చెప్పారు’ పక్కన పెడితే అది ఈసడింపు. మీ వాక్యంలో జరిగింది అదే.

ఇక ఇద్దరికీ ఏకవచనం సంగతి. ఇద్దరూ మగవాళ్లయితే మీ ఉపాయం కొంతవరకు నడిచేది. 2016లో హిల్లరీ క్లింటన్, 2024లో కమలా హ్యారిస్ పోటీలో ఉన్నారు. తెలుగు ఏకవచనంలో మగవాళ్లకు ‘డు’ అనే సొంత ప్రత్యయం ఉంది. ఆడవాళ్లకు లేదు. ట్రంప్ వచ్చాడు, హ్యారిస్ వచ్చింది, విమానం వచ్చింది, కుక్క వచ్చింది. స్త్రీకీ జంతువుకీ వస్తువుకీ ఒకటే క్రియారూపం. కథల్లో, ఇంట్లో మాటల్లో ‘ఆమె వచ్చింది’ అంటే ఎవరూ తప్పుపట్టరు, ఎన్నో తరాలుగా అంటున్నదే. కానీ దేశాధ్యక్ష పదవికి పోటీపడే ఇద్దరి గురించి పక్కపక్కనే రాస్తూ ‘ట్రంప్ అన్నాడు, హ్యారిస్ అంది’ అంటే ఇద్దరినీ ఒక్కో మెట్టు దించాననుకుంటారు గానీ, ఆమె రెండు మెట్లు దిగుతారు. అదే ‘రు’ దగ్గరకు వస్తే ఆడా మగా తేడా మాయమైపోతుంది. అన్నారు అంటే ఇద్దరికీ సరిపోతుంది. సమానంగా చూడాలన్న కోరిక ఉన్న రచయితకు తెలుగు వ్యాకరణం ఇచ్చిన గట్టి ఆధారం ఇదే. ‘మా ఆయన వచ్చాడు’ అని మాటల్లో అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అందులో దోషం లేదు. పత్రికల భాషలో మాత్రం ‘ఆయన’కూ ‘ఆమె’కూ ‘రు’ స్థిరపడింది. మీరు రాసేది ఆ కోవకు చెందిన వ్యాసం కాబట్టి ఆ పద్ధతే పాటించండి.

నచ్చని అభ్యర్థికి గౌరవం ఎందుకివ్వాలి అన్నది మీ అసలు ప్రశ్న. ‘రు’ వాడితే మీరు ఆ వ్యక్తిని మెచ్చుకున్నట్టు కాదు. ‘ఆయన అబద్ధం చెప్పారు’ అనొచ్చు, ‘ఆమె బాధ్యత మరిచిపోయారు’ అనొచ్చు. విమర్శ పదును ఏమీ తగ్గదు. నిజానికి పెరుగుతుందనే నా నమ్మకం. ‘వాడు అబద్ధాలకోరు’ అన్న వాక్యం అప్పటికే వాణ్ని అసహ్యించుకునేవాళ్లకు తప్ప ఇంకెవరికీ చేరదు. ఎటూ తేల్చుకోని పాఠకులు ఆ ‘వాడు’ దగ్గరే ఆగిపోతారు.

ఇంతకన్నా కష్టమైన చోటు ఇంకొకటుంది. అభ్యర్థులు ఒకరి గురించి ఒకరు అన్న మాటల్ని మనం తెలుగులో పెట్టడం. అక్కడ మెట్టును ఎంచవలసినవాళ్లం మనమే, కానీ నోరు మనది కాదు. 2008 అక్టోబరు 7న నాష్‌విల్‌లో జరిగిన అధ్యక్ష అభ్యర్థుల చర్చలో, ఒబామా మీద పోటీకి నిలబడ్డ జాన్ మెకెయిన్ ఒక ఇంధన బిల్లు గురించి చెబుతూ, దానికి ఓటేసిందెవరో తెలుసా అని అడిగి, ఒబామా వైపు చూపిస్తూ ‘దట్ వన్’ అన్నారు. పేరు లేదు, సెనేటర్ అన్న హోదా లేదు. ఆ రెండు మాటల మీద పెద్ద దుమారమే రేగింది. దీన్ని తెలుగులో ఏమనాలి? ‘అదిగో, వాడే’ అంటే ఇంగ్లీషులో లేని మోటుదనం మెకెయిన్ నోట్లో కుక్కినట్టు. ‘ఆయనే’ అంటే ఆ తీసిపారేసే ధోరణి తుడిచిపెట్టినట్టు. ఒబామా అభిమాని చెయ్యి మొదటిదాని మీదికి, మెకెయిన్ అభిమాని చెయ్యి రెండోదాని మీదికి పోతుంది. నేనైతే ‘అదిగో, అతనే’ అని రాసి, పేరు చెప్పకుండా చేత్తో చూపించారని పక్క వాక్యంలో చెబుతాను. ‘అతను’ ఇక్కడ సరిగ్గా అమరుతుంది. తిట్టూ లేదు, మన్ననా లేదు.

మూడు రోజుల తర్వాత, అక్టోబరు 10న, మిన్నెసోటాలోని లేక్‌విల్‌లో అదే మెకెయిన్ సభలో ఒక మహిళ లేచి, ఒబామాను నమ్మలేనని, ఆయన అరబ్ అని అన్నారు. మెకెయిన్ తల అడ్డంగా ఊపి, మైకు వెనక్కి తీసుకుని, ‘కాదమ్మా. ఆయన మర్యాదస్తుడు, కుటుంబం ఉన్న మనిషి, ఈ దేశ పౌరుడు. కొన్ని మౌలికమైన విషయాల్లో ఆయనతో నాకు భేదాభిప్రాయాలున్నాయి, అంతే’ అన్నారు. ఇక్కడ ‘అతను’ పెడితే ఆ మాటే చచ్చిపోతుంది. తన సొంత మద్దతుదారుల ఎదుట ప్రత్యర్థిని వెనకేసుకొచ్చిన మనిషి నోట తెలుగులో ‘ఆయన’ తప్ప ఇంకో మాట రాదు. ‘మంచివాడే’ అన్నా తప్పే. ఆ చివరి ‘ఏ’ అయిష్టంగా ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. ఆ జవాబులో, అరబ్ అయితే మర్యాదస్తుడు కాకూడదా అన్న ప్రశ్న మిగిలిపోయిందని ఎత్తిచూపినవాళ్లున్నారు. అది న్యాయమైన విమర్శే. దాన్ని అనువాదంలో సర్దే పని మాత్రం మనం పెట్టుకోకూడదు. ఒకే మనిషి, ఒకే ప్రత్యర్థి, మూడు రోజుల తేడాలో రెండు సర్వనామాలు. సందర్భం వాటిని నిర్ణయించింది. మన ఇష్టాయిష్టాలకు అక్కడ చోటు లేదు.

2016 అక్టోబరు 19న లాస్ వేగాస్ చర్చలో హిల్లరీ క్లింటన్ మాట్లాడుతుండగా ట్రంప్ మధ్యలో అందుకుని ‘సచ్ ఎ నాస్టీ ఉమన్’ అన్నారు. ‘ఎంత చెడ్డ మనిషో’ అంటే చాలు. ‘ఛీ, ఏం ఆడది’ అని తెలుగు చేస్తే మన భాషలో పేరుకున్న తిట్టు బరువంతా ట్రంప్ నెత్తిన పెట్టినట్టే. అదే ఏడాది సెప్టెంబరులో ట్రంప్ మద్దతుదారుల్లో సగం మందిని క్లింటన్ ‘డిప్లోరబుల్స్’ అన్న మాటకు ‘నీచులు’ అని రాయడం కూడా అలాంటిదే. ‘ఏవగించుకోదగినవాళ్లు’ కాస్త పొడుగైనా మూలానికి దగ్గర. ఆ మాటే తగినంత ఘాటైనది, మనం కొత్తగా కారం చల్లక్కర్లేదు.

మీరు అడగలేదు గానీ, ‘డు’, ‘రు’ల కంటే ఎక్కువ హాని చేసేవి మాటల్ని చేరవేసే క్రియలు. ప్రత్యయం సరిచేసుకుని ఇక్కడ బోర్లాపడేవాళ్లు చాలామంది. ఒక అభ్యర్థి ‘చురకలంటించారు’, రెండో అభ్యర్థి ‘నోరు పారేసుకున్నారు’. ఒకరు ‘ఆవేదన వ్యక్తం చేశారు’, ఇంకొకరు ‘అక్కసు వెళ్లగక్కారు’. అన్నిటికీ ‘రు’ ఉంది, సమానత్వం మాత్రం లేదు. ఒక మాట నిజమో కాదో కూడా ఈ క్రియలు తేల్చేస్తాయి. 2024 సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియాలో జరిగిన చర్చలో ట్రంప్, ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వలస వచ్చినవాళ్లు అక్కడివాళ్ల పెంపుడు కుక్కల్ని, పిల్లుల్ని తింటున్నారని అన్నారు. అలాంటి నమ్మదగిన సమాచారమేదీ లేదని నగర మేనేజర్ తమకు చెప్పారని చర్చ నడుపుతున్న డేవిడ్ మ్యూర్ అక్కడే చెప్పారు. దీన్ని రాస్తూ ‘ట్రంప్ వెల్లడించారు’ అన్నా, ‘బయటపెట్టారు’ అన్నా అది నిజమని మనం పూచీ పడినట్టే. ఉన్న సంగతినే వెల్లడించగలం, లేనిదాన్ని కాదు. ‘ఆరోపించారు’ సరైన క్రియ. ‘కోతలు కోశారు’ అంటే తీర్పు క్రియలోనే ఇచ్చేసి, రుజువు చూపించే బాధ్యత నుంచి తప్పించుకున్నట్టు. ‘ఆరోపించారు’ అని రాసి, నగర మేనేజర్ మాట కింద చేర్చండి, పాఠకుడే తేల్చుకుంటాడు.

రెండో వైపూ చూడండి. భూమిలోపలి రాతిపొరల్లోకి నీళ్లు, రసాయనాలు ఒత్తిడితో పంపి గ్యాస్, చమురు తీసే ఫ్రాకింగ్ పద్ధతిని నిషేధించాలని హ్యారిస్ 2019లో అన్నారు. 2024లో అభ్యర్థిగా, నిషేధించనని చెప్పారు. అభిమాని ‘స్పష్టం చేశారు’ అని రాస్తాడు, మొదట ఇంకోలా అన్న సంగతి ఆ క్రియ కింద దాగిపోతుంది. వ్యతిరేకి ‘ప్లేటు ఫిరాయించారు’ అంటాడు. ‘వైఖరి మార్చుకున్నారు’ అనేది జరిగినదాన్ని జరిగినట్టు చెప్పే మాట. ఎందుకు మార్చుకున్నారో, అది మెచ్చదగిందో కాదో తర్వాతి వాక్యంలో మీ ఇష్టమొచ్చినంత రాయండి. అభిప్రాయానికి వాక్యం ఉంది, పేరా ఉంది. దాన్ని క్రియలో దాచిపెట్టడం పాఠకుడి జేబులో చెయ్యి పెట్టడమే.

పేర్ల విషయం త్వరగా చెబుతాను. ‘ట్రంప్, కమల’ అని జంటగా రాయడం మానేయాలి. ఆయనకు ఇంటిపేరు, ఆమెకు ముద్దుపేరులా ఒంటి పేరు. ట్రంప్, హ్యారిస్ అంటే సరిపోతుంది. హిల్లరీ విషయంలో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. ఆమె భర్త కూడా మాజీ అధ్యక్షుడే కావడంతో తికమక వస్తుంది, పైగా ఆమె ప్రచార బృందమే ఆ పేరు ముందు పెట్టుకుంది.

‘అట’ అనే చిన్న ముక్కతోనూ జాగ్రత్త. ‘ధరలు తగ్గిస్తారట’ అన్నది విన్న కబురా, వెటకారమా అన్నది మాటలో గొంతు చెబుతుంది. రాతలో గొంతు వినపడదు. అభ్యర్థే స్వయంగా వేదిక మీద చెప్పిన హామీకి ‘అట’ అక్కర్లేదు, ‘అన్నారు’ చాలు. వ్యాసమంతా ‘ట్రంప్’ అని రాసి, తిట్టే చోట మాత్రం ‘ట్రంప్ గారు’ అనడం కూడా ఈ కోవలోదే. అక్కడ ‘గారు’ గౌరవం కాదని చదివేవాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు మీ వాక్యం. ‘హ్యారిస్ సూటిగా జవాబు చెప్పారు. ట్రంప్ పాత వాదనే మళ్లీ వినిపించారు’ అని మార్చండి. ‘మాత్రం’ తీసేశాను, రెండు వాక్యాలు పక్కపక్కన ఉంటే పోలిక అదే తెలుస్తుంది. ‘పాత పాట’ అన్న మాట మీకు ఇష్టమైతే ఉంచుకోండి, అభిప్రాయ వ్యాసంలో దానికి చోటుంది. ‘పాడారు’ అని మార్చి, ఆ వాదన ఏమిటో, అంతకుముందు ఎక్కడ చేశారో ఒక వాక్యం చేర్చండి. ‘సూటిగా’ అన్నందుకు కూడా అడిగిన ప్రశ్న ఏమిటో, హ్యారిస్ ఇచ్చిన జవాబు ఏమిటో రాయాలి.