అండమాన్‌లో కాపురం పెట్టబోతున్నారా?

ప్రశ్న: మావారికి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) ట్రాన్స్‌ఫర్ అయింది, జూన్‌లో వెళ్లాలి. ఆరేళ్ల బాబు, బీపీ ఉన్న అత్తయ్య కూడా వస్తారు. అందరూ సునామీ పేరు చెప్పి టెన్షన్ పెడుతున్నారు. అసలు దేనికి సిద్ధపడాలి?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, నేను అక్కడ నాలుగేళ్లు కాపురం చేసి వచ్చాను. 2004 డిసెంబర్ 26ని ఆ ఊరివాళ్లు మర్చిపోలేదు, మీరూ కాస్త ఎత్తున్న చోటే ఇల్లు తీసుకోండి, కానీ రోజూ సతాయించేవి మాత్రం నీళ్లు, తేమ.

మన హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే అక్కడ 3,000 దాకా పడుతుంది, అయినా మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి నీళ్లకు కటకటే, ఎందుకంటే కొండవాలు మీద పడిన వాన పడినట్టే సముద్రంలోకి జారిపోతుంది. ఊరికి ముఖ్యమైన ఆధారం ధనికారీ డ్యామ్. అది అడుగంటితే కుళాయి కొన్ని రోజులకోసారే వస్తుంది. అందుకే గదులు చూసేముందు ట్యాంకు ఎంతదో, వాన నీళ్లు పట్టే ఏర్పాటు ఉందో లేదో అడగండి.

ఇక తేమ. మొదటి వానాకాలంలో అటక మీద పెట్టిన నా తోలు చెప్పులు నెల తర్వాత తీస్తే, బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా బూజు! బీరువా తాళం తుప్పు పట్టి చెవి తిరగలేదు. పక్కింటి శ్రీకాకుళం పిన్నిగారు (అక్కడ తెలుగువాళ్లకు కొదవ లేదు) బీరువా అడుగు అరలో బట్టలకు తగలకుండా చిన్న బల్బు వెలిగించేవారు. ఆ వెచ్చదనానికే ఆవిడ పట్టుచీరలు నిలిచాయి, ఆవిణ్ణి చూశాకే నావీ. సర్టిఫికెట్లు గాలి చొరబడని డబ్బాలో పెట్టండి.

ఉల్లిపాయలు, పప్పులు చాలావరకు ఓడల్లోనే వస్తాయి. సముద్రం బాగోక ఓడ ఆలస్యమైతే ధర ఎగురుతుంది, పది రోజుల సరుకు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక ఇంటర్నెట్ బాగా మెరుగైంది, ఆ దిగులు వద్దు.

గడియారం ఇక్కడిదే, సూర్యుడు మాత్రం దాదాపు గంట ముందుంటాడు. డిసెంబర్‌లో ఐదున్నరకే చీకటి, బాబును నాలుగింటికల్లా ఆడుకోవడానికి పంపండి. మొసళ్ల హెచ్చరిక బోర్డున్న చోట మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగనివ్వకండి, ఈ విషయంలో మొహమాటం వద్దు.

అత్తయ్యగారి బీపీ మాత్రలు డాక్టరును అడిగి మూడు నెలలకు సరిపడా ఇక్కడే కొనుక్కుని, విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోండి.