ఐపీసీ రద్దయింది కదా, మా కేసు కూడా పోయినట్టేనా?

ప్రశ్న: లాయర్ గారూ, స్థలం అమ్ముతానని ఒకాయన మా నాన్నగారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. అప్పటికే దాన్ని వేరేవాళ్లకు రిజిస్టర్ చేసేశాడని తర్వాత తెలిసింది. 2022లో ఐపీసీ 420 కింద కేసు పెట్టాం. ఛార్జిషీటు వేశారు, మేజిస్ట్రేట్ కోర్టులో వాయిదాలు నడుస్తున్నాయి. ఇప్పుడు అవతలివాళ్లు ‘ఐపీసీనే ఎత్తేశారు, మీ కేసు నిలవదు, ఇచ్చింది తీసుకుని రాజీ పడండి’ అంటున్నారు. నిజమేనా? పోనీ, కొత్త చట్టంలో గట్టి సెక్షన్లు ఉంటే కేసును వాటి కిందకు మార్పించుకోవచ్చా?

జవాబు: నిజం కాదండీ. ఆ భయంతో నాన్నగారు ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా ముందు చూసుకోండి.

1860 నాటి ఐపీసీ, అంటే భారత శిక్షాస్మృతి, రద్దయి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన మాట వాస్తవమే. కానీ చట్టాన్ని రద్దు చేస్తే అది ఆ రోజు నుంచి పనిచేయదు, అంతే. అది అమల్లో ఉండగా జరిగిన నేరం నేరం కాకుండా పోదు. పూర్వం ఇంగ్లండులో, రద్దయిన చట్టాన్ని అసలు పుట్టనట్టే లెక్కగట్టేవారు. నేరం చేసినవాడు కూడా దానితోపాటే బయటపడేవాడు. మన దగ్గర ఆ చిక్కు రాకుండా 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో సెక్షన్ 6 పెట్టారు. రద్దు చేసే చట్టంలో వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప, పాత చట్టం కింద వచ్చిన హక్కులు, బాధ్యతలు, పడాల్సిన శిక్షలు, నడుస్తున్న దర్యాప్తులు, కేసులు అన్నీ అలాగే కొనసాగుతాయి. పాత చట్టం తీసేసి అదే విషయం మీద కొత్తది తెచ్చినా ఈ సెక్షన్ వర్తిస్తుందని మోహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏనాడో చెప్పింది.

మీ విషయంలో అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. న్యాయ సంహిత చివరి సెక్షన్, 358, తీసి చూడండి. మొదటి ఉపసెక్షన్ ఐపీసీని రద్దు చేస్తుంది. రెండోది, ఆ రద్దు వల్ల అప్పటికే ఉన్న శిక్షలకూ దర్యాప్తులకూ కేసులకూ ఏమీ కాదని చెబుతుంది. అవతలివాళ్లు మీకు మొదటిది మాత్రమే వినిపిస్తున్నారు.

విచారణ పద్ధతి కూడా పాతదే. 2024 జూలై 1 నాటికి పెండింగులో ఉన్న విచారణలు పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) ప్రకారమే నడవాలని, దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 531 చెబుతోంది.

ఇక సెక్షన్ మార్పించడం కుదరదు. నేరం జరిగిన రోజున ఏ చట్టం అమల్లో ఉందో దాని కిందే శిక్ష పడాలి, అప్పటికన్నా ఎక్కువ శిక్ష వేయకూడదు. ఇది రాజ్యాంగం 20(1) అధికరణం ముద్దాయికి ఇచ్చిన రక్షణ. మనకు కోపం ఉన్నవాడికైనా అది దక్కాల్సిందే, నేను దాన్ని మనసారా సమర్థిస్తాను. పైగా మార్చినా మీకు కలిసొచ్చేదేమీ లేదు. 420కి బదులు వచ్చిన 318(4)లోనూ గరిష్ఠ శిక్ష ఏడేళ్లే. కొత్త చట్టంలో శిక్ష తగ్గి ఉంటే ముద్దాయి ఆ ప్రయోజనం అడగడానికి దారి ఉండేది. ఇక్కడ అదీ లేదు.

బహుశా వాళ్లు రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నారు. రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టే ఒక సెక్షన్‌ను కొట్టేస్తే, దాని కింద కేసు నడపడానికి వీల్లేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఏను 2015లో అలాగే కొట్టేశారు. అయినా దాని కింద కొత్త కేసులు కడుతూనే వచ్చారు. ఇక ఎవరినీ ఆ సెక్షన్ కింద విచారించవద్దని 2022లో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. లేని సెక్షన్‌తో మనుషులను స్టేషన్ల చుట్టూ తిప్పడం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మీ 420ని మాత్రం ఏ కోర్టూ కొట్టేయలేదు. పార్లమెంటు దాన్ని తీసేస్తూనే పాత కేసులను కాపాడింది.

రాజీ మీ ఇష్టం. మీ డబ్బు మొత్తం వస్తుందంటే ఆలోచించండి, తప్పేమీ లేదు. అయితే 420 కేసులో రాజీకి కోర్టు అనుమతి తప్పనిసరి. బయట కాగితం రాసుకున్నంత మాత్రాన కేసు మూతపడదు. డబ్బు బ్యాంకు ద్వారా, రాజీ అర్జీ వేసే రోజుకల్లా చేతికి వచ్చేలా మాట్లాడుకోండి. అప్పటిదాకా నాన్నగారు సాక్ష్యం రోజున తప్పకుండా వెళ్లాలి. అడ్వాన్సు రసీదు, అగ్రిమెంటు, ముందటి రిజిస్ట్రేషన్ తాలూకు సర్టిఫైడ్ కాపీ ఛార్జిషీటుకు జతచేశారో లేదో ఏపీపీ (ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయరు) గారిని కలిసి చూసుకోండి. లేకపోతే కోర్టు ముందుకు తెప్పించమని ఇప్పుడే ఆయన్ను కోరండి.