లైవ్ సౌండ్ నేర్చుకోవడానికి ముందుగా మిక్సర్ కొనాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవుల్లో మైకు సెట్టు ఆయన వెంట పెళ్లిళ్లకు, ఆర్కెస్ట్రాలకు వెళ్తూ, లైవ్ సౌండ్ ఇంజనీర్ అవుతానంటున్నాడు. మైకుల, వాద్యాల శబ్దాలను కలిపి హెచ్చుతగ్గులు సరిచేసే డిజిటల్ మిక్సర్ కొనిపెట్టమని అడుగుతున్నాడు. కొనమంటారా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మిక్సర్ ఇప్పుడే కొనకండి. కచేరీలకు సౌండ్ చూడటంలో చాలా ఏళ్ల అనుభవం ఉన్న ఒక ఇంజనీరు ముందు మీ ప్రశ్న ఉంచాను. ఏ పరికరం మంచిదో, ఏ కోర్సులో చేర్చాలో చెబుతారని నేను అనుకుంటే, ఆయన మాత్రం అబ్బాయికి ఆరు నెలలపాటు మైకు లేని సంగీతం వినిపించమన్నారు. మృదంగానికి నాలుగడుగుల దూరంలో కూర్చుని విన్నవాడికే, రవ్వ అద్దిన ఎడమ మూత గంభీర నాదానికీ కుడి మూత మీద పలికే శ్రుతికీ ఉన్న తేడా చెవిలో నిలుస్తుందని, అది నిలవనివాడు ఎన్ని బటన్లు తిప్పినా దేనికోసం తిప్పుతున్నాడో వాడికే తెలియదని ఆయన వివరించారు. చిన్న కల్యాణ మండపంలో సన్నాయికీ డోలుకూ అసలు మైకే అక్కర్లేదని గుర్తించడం కూడా ఆ వినికిడి వల్లనే వస్తుంది.

ఆయన చెప్పిన రెండో సంగతి నన్ను మరింత ఆలోచింపజేసింది. గాయని తన గొంతు తనకే వినబడటం లేదనగానే కొత్తవాళ్లు వేదిక మీద పాడేవారి వైపు తిప్పి పెట్టే స్పీకరు, అంటే మానిటర్‌ను పెంచుతారు. ఆ శబ్దం తిరిగి మైకులో పడి, మరింత పెద్దదై బాక్సులోంచి వస్తూ, చివరకు చెవులు చిల్లులు పడేలా కూత పెడుతుంది. అనుభవం ఉన్నవారు ముందుగా పక్కనున్న కీబోర్డునూ గిటారు ఆంప్లిఫైయర్‌నూ తగ్గించమంటారు, మానిటర్‌ను మైకు వెనుక వైపుకు జరుపుతారు, మైకును నోటికి దగ్గరగా పట్టుకోమని గాయనిని మర్యాదగా అడుగుతారు. ఆ దూరం సగమైతే మైకుకు చేరే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, మిక్సర్‌ను ముట్టుకోకుండానే.

ఇదంతా మీ అబ్బాయి చదువుతున్న భౌతికశాస్త్రమే. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, మైదానంలో వేదికకు ఎదురుగా 34 మీటర్ల దూరంలో, జనం మధ్య పెట్టిన బాక్సుకు సెకనులో పదో వంతు ఆలస్యం కలపకపోతే, అక్కడ కూర్చున్నవారికి ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. అందువల్ల ఇంటర్ చదువును నిర్లక్ష్యం చేయనివ్వకండి. పుణేలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ సినిమా శిక్షణ సంస్థల్లో సౌండ్ కోర్సులు డిగ్రీ తరువాత చేసేవి, అవి ప్రధానంగా సినిమా ధ్వనికి సంబంధించినవి. అటువైపు వెళ్లాలనుకున్నా ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండటం అవసరమవుతుంది. లైవ్ సౌండ్ మాత్రం ఎక్కువగా పెద్దవాళ్ల చేతి కింద పనిచేస్తూనే అబ్బుతుంది. కాబట్టి మైకు సెట్టు ఆయన దగ్గరకు వెళ్లడం మాన్పించవద్దు. వైర్లు మెలిక పడకుండా చుట్టడం, జనరేటర్‌కు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూడటం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. ఎర్తింగ్ లోపిస్తే పాడేవారికి మైకులోంచే షాక్ కొట్టే ప్రమాదముంది. ఈ పనులను చిన్నవిగా చూసే కుర్రవాడికి ఈ వృత్తి సరిపడదని నా అభిప్రాయం.

ఇక ఖర్చు సంగతి. మీరు ముందుగా డబ్బు పెట్టవలసినది అతని చెవుల మీద. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించిన పరిమితి ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి తగ్గుతూ, 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలకు చేరుతుంది. పెద్ద బాక్సుల పక్కన రాత్రంతా నిలబడే కుర్రవాడికి ఇది చాలా తక్కువ సమయం, పైగా అలా దెబ్బతిన్న వినికిడి తిరిగి రాదు. సంగీతకారుల కోసం చేసే ఇయర్‌ప్లగ్‌లు ఒక జత కొనివ్వండి. ముహూర్తాలు మొదలయ్యేలోపు ఈఎన్‌టీ వైద్యుల దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష నివేదిక) తీయించి ఆ కాగితం దాచండి. ఏడాది తరువాత తీయించిన దానితో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.