గోడలోని తేనెటీగలకు పురుగుమందు పోయకండి

ప్రశ్న: మా ఇంటి వెనుక గోడ పగులులో రెండు నెలలుగా తేనెటీగలు కాపురం ఉంటున్నాయి. వారం కిందట పెరట్లోని నిమ్మకొమ్మకు బుట్టెడంత గుంపు వేలాడి, రెండో రోజుకు కనిపించకుండా పోయింది. పశువుల నీళ్లతొట్టి చుట్టూ పగలంతా ముసురుతున్నాయి. వసారా చూరు కింద చిన్న తుట్టె ఉంది. దానిలోని ఈగలు మా ఐదేళ్ల బాబును మూడు చోట్ల కుట్టాయి. కుట్టిన చోట ముల్లు మాత్రం కనబడలేదు. ఇవన్నీ ఒకే మంద అని, మా మీద పగబట్టాయని ఇంట్లో భయపడుతున్నారు. పురుగుమందుల దుకాణంలో అడిగితే క్లోరిపైరిఫాస్ లీటరు నీటికి 5 మి.లీ. కలిపి రాత్రివేళ పగులులో పోసి, తెల్లవారేలోగా సిమెంటుతో మూసేయమన్నారు. మందు తెచ్చాను కాని పోయడానికి మనసొప్పలేదు. ఇంటి పక్కనే బీర, దోస సాగు చేస్తున్నాను. చంపకుండా వదిలించుకునే దారి ఉందా? – ఒక రైతు

జవాబు: పోయకుండా ఆగి మంచిపని చేశారు. ఆ సీసాను పిల్లవాడికి అందని చోట తాళం వేసి పెట్టి, ముందుగా మీ అంచనాను సరిచేసుకోండి. మీరు ఒకే మంద అనుకుంటున్నవి నిజానికి నాలుగు వేర్వేరు సంగతులు. వాటిలో ఒకటి దానంతటదే ముగిసిపోయింది, ఒకటి అసలు తేనెటీగలదే కాదు, ఒకటి నీళ్ల సమస్య. నిజంగా పెద్ద పని పెట్టుకోవలసినది గోడలోని పట్టు ఒక్కటే.

బాబును కుట్టినవి కందిరీగలు. కూలీ తేనెటీగ ముల్లుకు కొక్కేల వంటి పళ్లుంటాయి కనుక అది మనిషి చర్మంలో దిగబడి, విషపు తిత్తితో సహా ఊడి అక్కడే ఉండిపోతుంది, ఈగ చనిపోతుంది. కందిరీగ ముల్లు అలా ఇరుక్కోదు కాబట్టి ఒకే కందిరీగ మూడుసార్లు కుట్టగలదు. ముల్లు కనబడలేదని మీరే రాశారు. దానితోనే విషయం దాదాపు తేలిపోయింది. పగటిపూట దూరం నుంచి చూసి నిర్ధారించుకోండి: సన్నని నడుము, ఎగిరేటప్పుడు కిందికి వేలాడే పొడవాటి కాళ్లు, కాగితంతో చేసినట్లుండే బూడిదరంగు గూడు, దాని గదులు నేలవైపు తెరుచుకుని ఉండటం కందిరీగల గుర్తులు. అందులో తేనె ఉండదు. ఇవి మీ తోటలోని గొంగళిపురుగులను పట్టి తమ పిల్లలకు మేపుతాయి కనుక, మనుషులు తిరగని మూల గూడు కట్టి ఉంటే వదిలేయమనే చెప్పేవాడిని. పిల్లవాడు ఆడుకునే వసారాలో ఉంది కాబట్టి తీయించక తప్పదు. బాగా చీకటి పడ్డాక, ఒళ్లంతా కప్పే మందపు బట్టలు, చేతితొడుగులు, ముఖానికి జాలీ ఉన్న పెద్దవారు ఒకరు ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుగులో (ఈ కీటకాలకు ఎరుపు కనబడదు) వెడల్పు మూతి సీసాను గూటికి బోర్లించి, చూరుకూ సీసాకూ మధ్య గట్టి అట్టను జరిపి, ఇంటికి దూరంగా తీసుకువెళ్లి వదలవచ్చు. బాబుకు మాత్రం మళ్లీ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు లేదా నాలుక వాపు, ఊపిరి అందకపోవడం, వాంతులు, సొమ్మసిల్లడం వంటివి కనిపిస్తే ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకుండా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అక్కడ ముందుగా ఇవ్వవలసినది అడ్రినలిన్ ఇంజెక్షన్. ఎప్పుడైనా తేనెటీగే కుడితే ముల్లును గోరుతోనో, కత్తి మొద్దు అంచుతోనో ఎలాగైనా సరే వెంటనే గీకి తీసేయండి. తిత్తి ఊడిన తరువాత కూడా నిమిషం వరకు విషాన్ని ఎక్కిస్తూనే ఉంటుంది కనుక, ఎలా తీశామన్నదానికంటే ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. తరువాత సబ్బునీటితో కడిగి, చల్లని తడిబట్టను పది నిమిషాలు అద్దితే చాలు.

నిమ్మకొమ్మకు వేలాడినది విడిపోయిన మంద. పట్టులో జనాభా కిక్కిరిసినప్పుడు పాత రాణి దాదాపు సగం మంది కూలీ ఈగలను వెంటబెట్టుకుని బయటకు వచ్చి, కొత్త ఇల్లు దొరికేదాకా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆ సమయంలో వాటికి కాపాడుకోవలసిన పిల్లలూ ఉండవు, తేనె నిల్వా ఉండదు. బయలుదేరేముందు కడుపునిండా తేనె తాగి ఉంటాయి. అందుకే చూడటానికి ఎంత భయంకరంగా ఉన్నా అవి సాధారణంగా ఎవరినీ కుట్టవు, కొన్ని గంటల నుంచి మూడు రోజుల్లోగా వెళ్లిపోతాయి. ఆ గుంపు మీ గోడలోంచే వచ్చి ఉండవచ్చు. అదే నిజమైతే మొదటి గుంపు వెళ్లిన ఎనిమిది పది రోజులకు కొత్త రాణితో మరో చిన్న గుంపు బయలుదేరే అవకాశం ఉంటుంది కాబట్టి, ఈ జవాబు చదివేసరికి నిమ్మచెట్టు మీద మళ్లీ గుంపు కనిపిస్తే కంగారుపడకండి. రాళ్లు వేయడం, పొగపెట్టడం, నీళ్లు కొట్టడం చేయకుండా, తేనెటీగలు పెంచేవారికి కబురు చేస్తే పెట్టెలోకి దులుపుకుని సంతోషంగా తీసుకువెళతారు.

ఇక నీళ్లతొట్టి. ఎండ కాలంలో తేనెటీగలు నీటిని మోసుకెళ్లి తుట్టెలపై పరిచి, రెక్కలతో విసిరి గూటిని చల్లబరుస్తాయి. చిక్కని తేనెను పలుచన చేసి పిల్లలకు పెట్టడానికీ నీరు కావాలి. ఒకసారి అలవాటుపడిన నీటి చోటును అవి తేలికగా వదలవు. కాబట్టి వాటిని తరిమే ప్రయత్నం మాని, దానికంటే మంచి చోటు చూపించండి. తొట్టికి 30 మీటర్ల దూరంలో, గూటికి దగ్గరగా, ఉదయపు ఎండ తగిలే చోట వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు పరిచి, రాళ్ల తలలు పైకి కనబడేటంత మాత్రమే నీరు పోయండి. మొదటి నాలుగు రోజులు నీటిలో చిటికెడు ఉప్పు కలిపితే త్వరగా పసిగడతాయి. అవి కొత్త పళ్లేనికి రావడం మొదలైన తరువాతనే పాత తొట్టిని మూడు రోజులపాటు బిగువైన మూతతో కప్పి ఉంచి, ఆ రోజుల్లో పశువులకు సూర్యోదయానికి ముందు, చీకటి పడ్డాక నీరు పెట్టండి. ఆ వేళల్లో ఈగలు గూట్లోనే ఉంటాయి. పళ్లెం ఒక్క పూట ఎండినా అవి మళ్లీ తొట్టికే వస్తాయి. దోమలు పెరగకుండా రెండు రోజులకొకసారి నీరు మార్చండి, కారే కుళాయి ఉంటే బాగుచేయించండి.

అసలు పని గోడది. దుకాణదారు సలహా పాటించి ఉంటే ఏమయ్యేదో చెబుతాను, ఎందుకంటే ఇదే సలహా విని పని చేసేసిన తరువాత మాకు రాసేవారే ఎక్కువ. వేల ఈగలు గోడలోపల చచ్చి, పిల్లలతో సహా కుళ్లి, ఆ కంపు ఇంట్లోకి వస్తుంది. రెక్కలతో విసిరి తుట్టెలను చల్లగా ఉంచేవారు లేక మైనం ఎండకు మెత్తబడి జారుతుంది, తేనె పులిసి గోడలోంచి కారుతుంది, దానికి చీమలు, బొద్దింకలు, ఎలుకలు చేరతాయి. పగులు మూసేస్తే బతికి ఉన్నవి వెలుతురు వెతుక్కుంటూ మరో సందులోంచి మీ గదిలోకే వస్తాయి. ఎక్కడైనా చిన్న రంధ్రం మిగిలిందా, చుట్టుపక్కల పట్టుల ఈగలు ఆ విషపు తేనెను దోచుకుపోయి తమ గూళ్లలో పోసుకుంటాయి. వీటన్నింటికీ మించి, నరాల మీద పనిచేసే ఆర్గానోఫాస్ఫేట్ మందును ఐదేళ్ల పిల్లవాడు నిద్రించే ఇంటి గోడలో పోయమని చెప్పడం ఏ లెక్కన సలహా అవుతుందో నాకు అర్థం కాదు. ఆ 5 మి.లీ. మోతాదు ఏ లేబుల్ మీద ఉందో, అది ఏ పురుగుకు, ఏ పైరుకు రాసినదో ఆయనను అడిగి చూడండి. సరకు అమ్మేవారిని రోగం అడిగితే సరకు పేరే చెబుతారు.

రెండు నెలలుగా ఉన్న పట్టు కాబట్టి పొగపెట్టి, వాసన చూపించి వెళ్లగొట్టడం కుదరదు. పిల్లలను వదిలి అవి కదలవు. గోడ తెరిచి తుట్టెలను తేనెటీగలను పెంచే పెట్టెలోకి మార్చడమే శాశ్వతమైన మార్గం. ఈ పనిని తేనెటీగల పెంపకంలో అనుభవం ఉన్నవారితోనే చేయించండి, మీరు పక్కన ఉండి ఈ క్రమం తప్పకుండా చూసుకోండి. ఎండగా, గాలి లేకుండా ఉన్న రోజున, ఎక్కువ ఈగలు మేతకు వెళ్లి ఉండే ఉదయం పది గంటల తరువాత మొదలుపెట్టాలి. పగులు దగ్గర పొగడబ్బాతో రెండు మూడు దమ్ముల పొగ మాత్రమే వదిలి రెండు నిమిషాలు ఆగి, ఒక్కొక్క ఇటుకనే తీయాలి. పిల్లలున్న తుట్టెలను పెట్టెలో వేలాడదీసే చట్రం కొలతకు కోసి, గోడలో పైవైపు ఉన్న అంచు చట్రంలోనూ పైకే ఉండేలా నూలుదారంతో కట్టాలి. తేనె తుట్టెలను విడిగా, మూత ఉన్న పాత్రలోకి తీసేయాలి, లేకపోతే కారిన తేనెకు పొరుగు పట్టులు దోపిడీకి దిగుతాయి. రాణిని పట్టి చిన్న జాలీ పంజరంలో పెట్టి పెట్టెలో ఉంచితే మిగిలినవి వాటంతటవే లోపలికి నడుస్తాయి. పెట్టె ద్వారాన్ని పాత పగులుకు ఆనుకునేలా చీకటి పడేదాకా అక్కడే ఉంచాలి. తొందరపడి మధ్యాహ్నమే ఎత్తుకుపోతే మేతకు వెళ్లిన ఈగలన్నీ రాత్రికి గోడ మీదే మిగిలిపోతాయి.

చీకటి పడ్డాక ద్వారానికి గాలి ఆడే జాలీ బిగించి, అదే రాత్రి పెట్టెను కనీసం 3 కిలోమీటర్ల దూరానికి తరలించాలి. అంతకంటే దగ్గరగా పెడితే తెల్లవారి బయటకు వచ్చిన ఈగలు పాత గుర్తులతో మీ గోడ దగ్గరకే చేరతాయి. గోడలు, పుట్టలు, తొర్రల్లో ఉండే పుట్టతేనెటీగలకు కదిలించిన పెట్టెను వదిలి లేచిపోయే గుణం ఎక్కువ. అందువల్ల రాణిని మూడో రోజున వదిలిన తరువాత, కూలీ ఈగ దూరగలిగి రాణి దూరలేని జాలీని మరో నాలుగు రోజులు ద్వారానికి ఉంచి, చక్కెర, నీరు సమానంగా కలిపిన పాకం 200 మి.లీ. చొప్పున వారం పాటు రాత్రివేళ పెట్టె లోపలే పెట్టాలి. మూడు వారాలు గడిచాక మీకు ఇష్టమైతే ఆ పెట్టెను మీ తోటకే తెచ్చుకోవచ్చు. దోస ఆడపువ్వు ఒక్కరోజే తెరిచి ఉంటుంది, ఆ ఒక్కరోజులో ఈగలు ఎనిమిది పదిసార్లైనా వాలితేనే కాయ వంకర లేకుండా నిండుగా ఊరుతుంది. పెట్టెను తెచ్చుకోవాలో వద్దో ఈ లెక్కతో మీరే నిర్ణయించుకోండి.

గోడ తెరవడానికి అసలు వీలులేకపోతే మరో మార్గం ఉంది కాని అది నెమ్మదైనది, నా దృష్టిలో రెండో తరగతిది. 30 సెం.మీ. పొడవున సన్నని ఇనుప జాలీని గరాటులా చుట్టి, వెడల్పు వైపు పగులుకు బిగించి, కొన దగ్గర 8 మి.మీ. రంధ్రం వదిలితే ఈగలు బయటకు రాగలవు కాని తిరిగి దారి కనుక్కోలేవు. కొన పక్కనే పిల్లల తుట్టె ఒకటి ఉన్న పెట్టెను పెడితే అందులో చేరతాయి. గుడ్డు నుంచి కూలీ ఈగ బయటకు రావడానికి మూడు వారాలు పడుతుంది కనుక గరాటును ఐదారు వారాలైనా కదపకూడదు. మిగతా సందులన్నీ ముందే మూసి ఉండాలి. రాణి సాధారణంగా లోపలే ఉండిపోతుంది, తేనె కూడా గోడలోనే మిగులుతుంది, అందుకే దీన్ని గట్టిగా సిఫారసు చేయలేను.

మీరు అడగలేదు కాని తోట సంగతి చెప్పకుండా ఉండలేను. 'సాయంత్రం కొడితే తేనెటీగలకు ఏమీ కాదు' అనే మాట దోసకు సరిపోతుంది, ఎందుకంటే దాని పువ్వు తెల్లవారుజామున విచ్చి సాయంత్రానికి వాడుతుంది. బీరపువ్వు సాయంత్రమే విచ్చుతుంది కాబట్టి ఆ వేళ కొట్టిన మందు నేరుగా తాజా పువ్వులో పడుతుంది. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్ వంటి పురుగుమందులు మొక్కంతా పాకి పుప్పొడిలోకి, మకరందంలోకి చేరతాయి కనుక ఏ వేళ కొట్టామన్నదానితో పని లేదు. పూత మొదలైన దగ్గర నుంచి ఈ రెండు పంటలకూ వాటిని పూర్తిగా మానండి. పండుఈగ కోసమే కొడుతున్నట్లయితే తీగజాతి పంటలకు పనిచేసే క్యూలూర్ ఎరలు పెట్టండి. దుకాణంలో మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎర చేతిలో పెడితే వెనక్కి ఇచ్చేయండి, ఈ పంటల మీది పండుఈగ దానికి రాదు.

పట్టు తీసిన రోజునే గోడలోని మైనాన్ని పూర్తిగా గీకి, సబ్బునీటితో రెండుసార్లు కడిగి, ఆరనిచ్చి, బోలుగా ఉన్న భాగాన్ని ఇటుకముక్కలు, సిమెంటుతో నింపేయండి. గాలి కోసం వదలవలసిన రంధ్రాలుంటే 3 మి.మీ. కంటే సన్నని జాలీ బిగించండి. పాత మైనపు వాసన మిగిలితే వచ్చే పూతకాలంలో మరో మంద అదే చోటు వెతుక్కుంటూ వస్తుంది. గోడ తెరిచే రోజు తెల్లవారకముందే పశువులను కట్టు విప్పి దూరపు పొలానికి తోలండి. కట్టేసి ఉన్న పశువు పారిపోలేదు. బాబును ఆ రోజు రాత్రి దాకా ఇంట్లో ఉంచవద్దు.