కారు బ్లోయర్ తిరగకపోతే ముందుగా చూడవలసినవి

హీటర్ వేసినా, ఏసీ వేసినా గాలి రావడం లేదు, ఫ్యూజు బాగానే కనిపిస్తోంది, మోటారు మార్చాలా అని అడిగారు. అప్పుడే కొనకండి. రెండింటికీ గాలి తోసేది ఒకటే మోటారు (బ్లోయర్) కాబట్టి ఏసీ గ్యాసు, కంప్రెసర్‌ల జోలికి వెళ్లే పని లేదు.

ఫ్యూజును కంటితో చూసి వదిలేయకుండా కరెంటు ఉందో లేదో చూపే టెస్ట్ లైటుతో రెండు కొనలూ పరీక్షించండి. అన్నిటికన్నా ఎక్కువ వేగంలో మాత్రమే తిరిగితే తప్పు దాదాపుగా బ్లోయర్ వేగాన్ని తగ్గించే రెసిస్టర్‌దే. మీ కారులో ఏ వేగంలోనూ కదలడం లేదు కనుక మోటారు దగ్గరే వోల్టేజీ కొలవాలి. చాలా కార్లలో అది ఎడమవైపు గ్లవ్‌బాక్సు వెనుక ఉంటుంది. స్విచ్ గరిష్ఠ వేగంలో పెట్టి, కనెక్టర్ ఊడదీయకుండానే రెండు తీగల మధ్య మీటరు పెట్టండి. 12 వోల్టుల దాకా చూపిస్తూ కూడా తిరగకపోతే మోటారు పోయినట్టే. మెల్లగా తట్టగానే తిరిగిందా, మోటారు లోపల కరెంటు అందించే బ్రష్షులు అరిగాయి. వోల్టేజీ లేకపోతే రిలే (మోటారుకు కరెంటు కలిపే స్విచ్ లాంటి భాగం), బ్లోయర్ స్విచ్, ఎర్త్ తీగ చూడాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల వైపు తిరిగే బండి అయితే లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ కూడా తీసి చూడండి, ఊక దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు. రెసిస్టర్‌ను చల్లబరిచేది ఫిల్టర్ గుండా వచ్చే ఆ గాలే. అది తగ్గితే రెసిస్టర్ మాడుతుంది. కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి ఉంటే దాన్నీ మార్చాల్సిందే. ఫ్యూజు పదే పదే పోతోందని పెద్దది మాత్రం వేయకండి, తీగలు కాలిపోతాయి.